క్రెడిట్ కార్డు లిమిట్ మీ డబ్బు కాదండీ

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 1.35 లక్షలు వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 1.12 లక్షలు. డిసెంబర్ 23 నుంచి 31 వరకు భార్య, ఇద్దరు పిల్లలతో (8, 4 ఏళ్లు) ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్, కోల్మార్, జర్మనీలోని రోతెన్‌బర్గ్ క్రిస్మస్ మార్కెట్లు చూసి రావాలని ఉంది. 6 లక్షలవుతుంది. నా దగ్గర లక్ష ఉంది, మిగతా 5 లక్షలు 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటాను. ఎమర్జెన్సీ వస్తే 4 లక్షల లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు ఉంది. వీసాకి బ్యాలెన్స్ చూపించడానికి బావమరిది 3 లక్షలు అకౌంట్లో వేస్తానన్నాడు. గుంటూరులో ఉండే నాన్నగారికి షుగర్, బీమా లేదు. వెళ్లమంటారా?

జవాబు: వద్దు. ఈ డిసెంబర్‌కి వద్దే వద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ట్రిప్పు కాదు, 'ఎమర్జెన్సీకి కార్డు ఉంది' అన్న మాట. నెలకి పది మందైనా ఇదే చెబుతారు. కార్డు లిమిట్ అంటే మీరింకా చెయ్యని అప్పు, అంతే. ఉద్యోగం పోయిన నెలలో ఆ కార్డు వాడితే బిల్లు కట్టేది ఎవరు?

ఇప్పుడు లెక్క చూడండి. 5 లక్షలకు ఈఎంఐ దాదాపు 17,100. మూడేళ్లలో 6.15 లక్షలు కడతారు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఇప్పుడు నెలకి మిగులుతున్న 23 వేలలో ఇక మిగిలేది ఆరు వేల లోపే, అదీ పిల్లల ఫీజు పెరగకపోతే, స్కూటర్ రిపేరుకు రాకపోతే. ఆ లక్ష కూడా ట్రిప్పుకే పోతుంది కాబట్టి జనవరి 1న మీ చేతిలో సున్నా. ఆరు నెలల ఖర్చు, అంటే 6.7 లక్షలు, విడిగా ఉండాల్సిన మనిషి మీరు. ట్రిప్పు ఖర్చు కూడా దాదాపు అంతే, చూశారా?

నా క్లయింట్ ఒకాయన ఇలాగే వెళ్లారు. అక్కడుండగానే వాళ్ల నాన్నగారిని గుండె నొప్పితో ఆసుపత్రిలో చేర్చారు, అడ్వాన్సుగా రెండు లక్షలు కట్టమన్నారు. కార్డు అప్పటికే హోటళ్లకీ రైలు టికెట్లకీ గీకేసి ఉంది. చివరికి చెల్లెలి గాజులు తాకట్టుకు వెళ్లాయి. వీసా అడుగుతుంది కాబట్టి మీరు 30,000 యూరోల మెడికల్ కవర్ ఎలాగూ కొంటారు, గుంటూరులో ఉన్న ఆయనకు మాత్రం ఏమీ లేదు!

బావమరిది డబ్బు సంగతి. స్టేట్‌మెంట్లో మూడు నెలలు లక్ష దగ్గర తిరిగి, అప్లికేషన్ ముందు ఒక్కసారిగా మూడు లక్షలు పడితే వీసా అధికారికి అర్థం కాదనుకున్నారా? తిరస్కరిస్తే వీసా ఫీజు మీకూ మీ ఆవిడకూ చెరో 90 యూరోలు, పెద్ద పిల్లకో పిల్లాడికో 45, ఏదీ వెనక్కి రాదు.

ఇంకో మాట, తేదీలు కూడా తప్పాయి. రోతెన్‌బర్గ్ క్రిస్మస్ మార్కెట్ 23తోనే అయిపోతుంది, జర్మనీలో చాలా చోట్ల 24కి సర్దేస్తారు, 25, 26 తేదీల్లో షాపులు కూడా మూతే. పీక్ సీజన్ రేటు కట్టి, సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడే ఊళ్లో, నాలుగేళ్ల బిడ్డని చలిలో ఎత్తుకుని మూసిన దుకాణాలు చూస్తారు. (రోతెన్‌బర్గ్ అంత పాతగా ఎందుకు మిగిలిందో తెలుసా? 1631లో ముప్పై ఏళ్ల యుద్ధంలో సైన్యం ఊరిని ఊడ్చుకుపోయింది, తర్వాత ప్లేగు, ఆపైన కొత్తగా కట్టుకునే స్తోమత లేక ఉన్న ఇళ్లనే ఉంచుకున్నారు. ఊరికి చివరికి కలిసొచ్చింది, మీ ఇంటికి కలిసిరాదు.)

అంతగా వెళ్లాలనుంటే రెండేళ్లు ఆగి సంక్రాంతి సెలవుల్లో వెళ్లండి, మార్కెట్లు ఉండవు గానీ కోల్మార్ కాలవ పక్కన కొయ్య దూలాల ఇళ్లు ఎక్కడికీ పోవు, హోటళ్లూ చవక. ట్రిప్పుకు వేరే ఆర్‌డీ పెట్టుకోండి, కానీ ఎమర్జెన్సీకి దాచాల్సిన ఆ 6.7 లక్షల ఫండ్ సగమైనా నిండాకే. అప్పటిదాకా నెలకి 20 వేలు, బోనస్ వస్తే అదీ, లిక్విడ్ ఫండ్‌లోకే (కావాలంటే త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) వెళ్లాలి.

సెలవు మాత్రం రద్దు చేసుకోకండి. ఆ వారం గుంటూరు వెళ్లి నాన్నగారి పాత షుగర్ రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి, ఆయనకు తీసుకోవాల్సిన ఆరోగ్య బీమా అప్లికేషన్‌లో ఏదీ దాచకుండా రాయడానికి అవే కావాలి.