ఒకటి స్ఫటికమై, ఇంకొకటి జెల్లీలా బిగుసుకుపోతే

ప్రశ్న: ఎంఎస్సీ ఆర్గానిక్ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టులో దాదాపు ఒకేలాంటి రెండు కాంపౌండ్లు చేశాను. ఒకటి చల్లారగానే చక్కటి స్ఫటికాలు ఇచ్చింది. రెండోది ఫ్లాస్కంతా జెల్లీలా బిగుసుకుపోయింది. రెండింటికీ తేడా ఒక్క ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జత) మాత్రమే. నా ప్రొసీజర్‌లో ఏమైనా తప్పుందా? అణువు బొమ్మ చూసి ఇలా అవుతుందని ముందే చెప్పవచ్చా?

జవాబు:

తప్పేమీ లేదు, టెన్షన్ పడకండి. ఆ పని చేయడానికి ఒక్క ఓహెచ్ చాలు. ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, నా పీహెచ్‌డీ మొదటి ఏడాది అచ్చంగా అలాంటి ఓహెచ్ ఒకదానితోనే గడిచిపోయింది.

నా పని ఆముదంతో. మాది పాలమూరు వైపు. ఆముదం చేలు చూస్తూ పెరిగినవాణ్ణే గానీ, ఆ గింజలో ఇంత కెమిస్ట్రీ ఉందని ల్యాబ్‌కి వచ్చాకే తెలిసింది. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం దాకా ఒక్కటే ఉంటుంది, రిసినోలిక్ ఆమ్లం. అది 18 కార్బన్ల గొలుసు. 9వ కార్బన్ దగ్గర ఒక డబుల్ బాండ్ ఉంటుంది, గొలుసు అక్కడ వంగిపోతుంది. 12వ కార్బన్ మీద ఒక ఓహెచ్. ఆ డబుల్ బాండ్‌కి హైడ్రోజన్ ఎక్కిస్తే వంపు పోయి గొలుసు తిన్నగా సాగుతుంది. అలా వచ్చేదే 12-హైడ్రాక్సీస్టీరిక్ ఆమ్లం. దాంట్లోంచి ఓహెచ్ కూడా తీసేస్తే మిగిలేది కొవ్వొత్తుల్లో, సబ్బుల్లో పడే మామూలు స్టీరిక్ ఆమ్లం. చూశారుగా, మీ జత లాంటిదే నా జత కూడా.

ముందు ఆ వంపు సంగతి చెప్తాను, ఎందుకంటే దాన్ని అందరూ ఇంట్లో చూసే ఉంటారు. చలికాలం పొద్దున్నే కొబ్బరి నూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది, పక్కనున్న ఆముదం మాత్రం ఎప్పటిలాగే చిక్కగా కారుతుంది. తిన్నటి కట్టెలైతే మోపు బిగుతుగా కట్టొచ్చు, వంకర కట్టెలు ఎంత లాగి కట్టినా సందులు మిగులుతాయి. అణువుల్లోనూ అంతే. తిన్నగా ఉండే స్టీరిక్ ఆమ్లం 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అన్నే కార్బన్లున్న ఓలిక్ ఆమ్లంలో మధ్యలో ఒక వంపు ఉంది, అది 13 డిగ్రీలకే కరిగిపోతుంది. అదే డబుల్ బాండ్‌ని ట్రాన్స్‌గా, అంటే గొలుసు రెండు ముక్కలూ దానికి ఎదురెదురు వైపుల ఉండేలా మార్చండి, వంపు పోయి కరిగే ఉష్ణోగ్రత మళ్ళీ 40 దాటుతుంది. కార్బన్లు, హైడ్రోజన్లు, ఆక్సిజన్లు అన్నీ అవే, లెక్కలో ఒక్కటి కూడా మారలేదు.

ఇక ఓహెచ్ దగ్గరికి వద్దాం.

ఆ 12-హైడ్రాక్సీని నేను మొదటిసారి శుద్ధి చేయబోయిన రోజు బాగా గుర్తుంది. పుస్తకంలో చదివినట్టే వేడి టోలుయీన్ అనే సాల్వెంట్‌లో (కరిగించే ద్రవంలో) కరిగించాను. అడుగున కొంచెం నలక కనిపించింది. వేడి మీదే వడగడదామని బుక్‌నర్ ఫన్నెల్‌లో (అడుగున చిల్లులున్న వడపోత గరాటులో) పోసి వాక్యూమ్ పెట్టాను. ఫన్నెల్‌ని ముందుగా వేడి చేసుకోవాలన్న ఆలోచనే రాలేదు. సగం దిగాక ధార సన్నబడింది, ఆ తర్వాత ఆగిపోయింది. పంపు గోల పెడుతోంది గానీ ఒక్క చుక్క దిగడం లేదు. గరిటెతో కదిపి చూస్తే ఫన్నెల్‌లో ఉన్నదంతా లేత జున్నులా అదురుతోంది. కింద ఫ్లాస్క్‌లోకి దిగింది కూడా అలాగే బిగుసుకుంది. మా గైడ్ అటుగా వచ్చి, ఫన్నెల్‌లోకి తొంగి చూసి, "ఏంటయ్యా, జున్ను వండావా?" అన్నారు. ఆ తర్వాత ఆరు నెలలు ల్యాబ్‌లో నా పేరు జున్నే.

తమాషా ఏమిటంటే, ఆ జున్నులో నా కాంపౌండ్ రెండు మూడు శాతానికి మించి లేదు. మిగిలిందంతా టోలుయీనే. వంద గ్రాముల ద్రవాన్ని రెండు గ్రాముల పదార్థం కదలకుండా ఎలా పట్టుకుంటుంది?

స్ఫటికం కావాలంటే అణువులు మూడు దిక్కులా పేర్చుకుంటూ పోవాలి, పొడవునా, వెడల్పునా, ఎత్తునా. జెల్ కావాలంటే ఒక్క దిక్కులోనే గబగబా పెరగాలి, మిగతా రెండు దిక్కుల్లో పెరుగుదల త్వరగా ఆగిపోవాలి. అప్పుడు సన్నటి పోగులు వస్తాయి. మందం నానోమీటర్లలో, పొడవు మైక్రోమీటర్లలో. అవి కొమ్మలేసి, ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని వల కడతాయి. ద్రవం ఆ వల కళ్ళలో ఇరుక్కుపోతుంది. గ్లాసు బోర్లించినా పడదు. అందుకే ఇలాంటి జెల్‌ని నేను సగంలో ఆగిన స్ఫటికంగానే చూస్తాను. పోగు లోపల అణువులు చాలావరకు వరుసగానే ఉంటాయి. ఎక్స్‌రే పెడితే ఆ వరుస కనిపిస్తుంది.

ఇప్పుడు మన రెండు అణువులనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ ఒక చివర సీఓఓహెచ్ (ఆమ్ల గుణాన్నిచ్చే గ్రూపు) ఉంది. రెండు అణువులు ఆ తలలు కలుపుకుని జంటగా ఉంటాయి. అంతవరకు ఇద్దరిదీ ఒకే దారి. స్టీరిక్ ఆమ్లంలో ఆ జంటలను పక్కపక్కన పట్టి ఉంచేది గొలుసుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణే. అది అటూ ఇటూ ఇంచుమించు సమానంగా ఉంటుంది, కాబట్టి చాప పరిచినట్టు వెడల్పుగా పెరిగి పలుచటి రేకులవుతాయి. 12-హైడ్రాక్సీలో మాత్రం గొలుసు నడుము దగ్గర ఓహెచ్ ఉంది. ఒక అణువు ఓహెచ్ పక్క అణువు ఓహెచ్‌ని, అది ఆ పక్కదాన్ని, ఇలా హైడ్రోజన్ బంధాలతో (ఒక ఓహెచ్‌లోని హైడ్రోజన్‌కీ పక్కదాని ఆక్సిజన్‌కీ మధ్య ఉండే ఆకర్షణతో) ఒకే వరుసలో పట్టుకుంటూ పోతాయి, పూసల్లోంచి దారం పోయినట్టు. దారం ఏ దిక్కున పోతే పెరుగుదల అటే పరుగెడుతుంది. అదే పోగు.

ఇంట్లో కూడా చూశాను దీన్ని. వంద గ్రాముల వేరుశనగ నూనెలో రెండు గ్రాముల 12-హైడ్రాక్సీ వేసి, పూర్తిగా కరిగేదాకా 85 డిగ్రీల వరకు వేడిచేసి వదిలేశాను. గంటకల్లా నూనె గ్లాసులో కదలకుండా నిలబడింది. అదే మోతాదు స్టీరిక్ వేసిన గ్లాసు వంచితే నూనె నూనెలాగే కారింది. మెకానిక్ షాపులో బేరింగులకు పూసే లిథియం గ్రీజు వెనకున్నది కూడా ఈ సూత్రమే. ఈ ఆమ్లం తాలూకు లిథియం లవణం పోగులే అందులో నూనెను పట్టి ఉంచుతాయి. ఆముదం పంట మన దేశంలోనే అన్నిటికన్నా ఎక్కువ, కాబట్టి ప్రపంచంలో ఏ బేరింగు తిరుగుతున్నా అందులో మన చేల గింజ కొంచెం ఉందని నాకు నేను చెప్పుకుంటుంటాను. అతిశయోక్తే అనుకోండి.

నన్ను నిజంగా నివ్వెరపరిచింది మాత్రం ఇంకొకటి. ఆ 12వ కార్బన్ కైరల్. కుడిచేయి, ఎడమచేయి లాగా దానికి రెండు రూపాలుంటాయి. ఆముదం చెట్టు ఒక్క ఆర్ రూపాన్నే తయారు చేస్తుంది. మా సీనియర్ ఒకాయన ఆ ఓహెచ్‌ని ఆక్సిడైజ్ చేసి కీటోన్ చేశాడు, దాన్ని మళ్ళీ సోడియం బోరోహైడ్రైడ్‌తో ఓహెచ్‌గా మార్చాడు. చూడ్డానికి ఎక్కడ బయల్దేరామో అక్కడికే వచ్చాం. ఫార్ములా అదే, అణుభారం అదే. కానీ ఇప్పుడు కుడి సగం, ఎడమ సగం ఉన్నాయి. రెండు వయల్స్‌లో ఒక శాతం చొప్పున వేసి, ఒకే బీకర్‌లో ఒకేసారి చల్లార్చాం. ఆముదం నుంచి వచ్చింది గట్టిగా బిగిసింది. రెండోది తెల్లగా మసకబారి, వయల్ వంచగానే జారిపోయింది. మైక్రోస్కోప్ కింద మొదటిదాంట్లో పోగులు, రెండోదాంట్లో పలకలు.

చెప్పుల షాపు గుర్తు తెచ్చుకుంటే ఇది అర్థమవుతుంది. అన్నీ కుడికాలి చెప్పులే తీసుకుని ఒకదాని మీద ఒకటి పేర్చండి. ప్రతి చెప్పూ ఒకే వైపు కాస్త ఒరుగుతుంది, దొంతర పైకి పోయేకొద్దీ మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన దొంతరకు పక్కన ఇంకో దొంతర చదునుగా అతుక్కోలేదు, కాబట్టి లావు పెరగదు. కుడీ ఎడమా కలిపి ఇస్తే తలకిందులుగా జత చేసి అట్టపెట్టెలో చదునుగా సర్దేయొచ్చు. ఒక్క చేతివాటం ఉన్న అణువుల పోగులు మెలి తిరిగి ఉంటాయని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. మీ కాంపౌండ్‌లో కైరల్ సెంటర్ ఉందో లేదో రాయలేదు. ఉంటే ముందు అది చూడండి.

అయితే అంతా అణువులోనే లేదు. జున్ను ఉదంతం తర్వాత గైడ్ చెప్పింది ఒకటే మాట: "సాల్వెంట్ మార్చు." ఇథనాల్‌లో కరిగించి చల్లారిస్తే బుద్ధిగా తెల్లటి పొడి దిగింది, అరగంటలో వడగట్టేశాను. ఇథనాల్‌కీ ఓహెచ్ ఉంది కదా, అది మధ్యలో దూరి ఆ దారాన్ని తెంపేస్తుంది. టోలుయీన్‌కి, నూనెకి అలా చేయి పట్టుకునే గుణం పెద్దగా లేదు, అందుకే అణువులు ఒకదాన్నొకటి వదలవు. కాబట్టి "ఇది జెల్ ఇచ్చే అణువు" అని ఎవరైనా అంటే "ఏ సాల్వెంట్‌లో?" అని అడగండి.

చల్లార్చే వేగం కూడా అంతే ముఖ్యం. దీనికి నెయ్యిని మించిన ఉదాహరణ లేదు. కాచిన నెయ్యిని గిన్నెలో కదపకుండా వదిలేస్తే మర్నాటికి పూసలు పూసలుగా పేరుకుంటుంది. అదే వేడి నెయ్యిని ఫ్రిజ్‌లో పెట్టేస్తే నున్నటి ముద్దవుతుంది. నెయ్యి అదే. నిదానంగా చల్లారితే కొద్ది చోట్ల మొదలైన స్ఫటికాలు తీరిగ్గా పెద్దవవుతాయి, గబుక్కున చల్లారిస్తే ఒకేసారి లక్ష చోట్ల మొదలై ఏదీ ఎదగదు. పాకంలో నిమ్మరసం పిండటం మాత్రం వేరే కిటుకు. నిమ్మ పులుపు పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. ఆకారం కలవని ఆ అణువులు వరుసలో అడ్డుపడి పాకం పలుకు కట్టకుండా చేస్తాయి.

చైనా గ్రాస్, జెలటిన్ లాంటి పాలిమర్ జెల్స్ సంగతి ఇక్కడ ఎక్కువ చెప్పను, మీ ప్రశ్నకు అవసరం లేదు. వాటిలో గొలుసులు పుట్టుకతోనే పొడుగ్గా ఉంటాయి, అక్కడక్కడా మెలి పెనవేసుకుంటే వల తయారు. మీదీ నాదీ చిన్న అణువులు, పోగుని మొదట్నుంచీ కట్టుకోవాలి.

బొమ్మ చూసి ముందే చెప్పవచ్చా అన్నారు. కొంతవరకే. అమైడ్, యూరియా లాంటి గ్రూపులు ఒకే వరుసలో హైడ్రోజన్ బంధాలు కట్టేలా ఉండి, వాటికి పొడవాటి ఆల్కైల్ తోక (కార్బన్-హైడ్రోజన్ గొలుసు), పైగా ఒకే చేతివాటం ఉన్న కైరల్ సెంటర్ కూడా ఉంటే నేనైతే ఫన్నెల్‌ని వేడి చేసి పెట్టుకుంటాను. అంతకు మించి పందెం కాయను. స్ఫటికమైతే ఏ స్ఫటికమో కూడా చెప్పడం కష్టం మరి. హెచ్ఐవీ మందు రిటోనవీర్ 1996లో మార్కెట్లోకి వచ్చింది. 1998లో ఫ్యాక్టరీలో అదే అణువు ఎవరూ ఊహించని ఇంకో స్ఫటిక రూపంలో రావడం మొదలైంది. అణువులో ఒక కార్బమేట్ గ్రూపు వేరేలా మెలి తిరిగి హైడ్రోజన్ బంధాలు ఇంకా బలంగా కట్టుకుంది, ఆ కొత్త రూపం సరిగ్గా కరగక ఆ క్యాప్సూల్స్‌ని మార్కెట్లోంచి తీసేయాల్సి వచ్చింది. హైదరాబాద్ ఫార్మాలో క్రిస్టలైజేషన్ ల్యాబ్‌లో చేరితే ఈ కథ మీకు మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెబుతారు.

మీకు ఇప్పుడు శుద్ధ పదార్థం కావాలి, అంతేగా? ఆ జెల్‌ని మళ్ళీ వేడిచేస్తే కరుగుతుంది, ఏమీ పాడవదు. సాల్వెంట్ తీసేసి ఇథనాల్‌లో గానీ మీ కాంపౌండ్‌కి సరిపడే ఇంకో ఓహెచ్ ఉన్న సాల్వెంట్‌లో గానీ ప్రయత్నించండి. నిదానంగా చల్లార్చండి, ఫ్లాస్క్‌ని మాటిమాటికీ తీసి చూడకండి. జెల్‌ని ఆరబెట్టి పౌడర్ ఎక్స్‌రే తీస్తే మాత్రం కాస్త అనుమానంగా చదవండి. ఆరేటప్పుడే అణువుల అమరిక మారిపోయే అవకాశం ఉంది.

కొంచెం జెల్‌ని ఒక వయల్‌లో ఉంచి, మూత బిగించి, తేదీ రాసి ఎవరూ ముట్టని మూలన పెట్టండి. నేను చేసిన ఒక అమైడ్ ఏ సాల్వెంట్‌లో వేసినా జెల్లే ఇచ్చింది. ఎక్స్‌రేకి పనికొచ్చే ఒక్క స్ఫటికం కోసం నాలుగు నెలలు తిరిగి విసిగి వదిలేశాను. దసరా సెలవుల తర్వాత షెల్ఫ్ సర్దుతుంటే ఒక పాత వయల్‌లో జెల్ ఒక పక్క నీరుగారి ఉంది. అడుగున తుమ్మముల్లంత సూదులు మూడు మెరుస్తున్నాయి. ఊపిరి బిగబట్టి ఒకదాన్ని తీసి ఎక్స్‌రేకి పంపాను. నా థీసిస్‌లో ఉన్న ఒకే ఒక్క క్రిస్టల్ స్ట్రక్చర్ అదే.