ఎక్స్‌రే తీయకుండా నెమ్ము అని ఎలా చెప్పారు?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. నాలుగు రోజులైనా జ్వరం, దగ్గు తగ్గకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించాం. ఛాతీకి అల్ట్రాసౌండ్ చేసి, కుడివైపు ఊపిరితిత్తిలో నెమ్ము ఉందని అమోక్సిసిలిన్ సిరప్ రాశారు. మూడో రోజుకు జ్వరం తగ్గింది. ‘స్కానింగ్ కడుపుకు కదా చేసేది, ఎక్స్‌రే తీయించు’ అని మా అత్తగారు అంటున్నారు. తీయించాలా?
– ఓ తల్లి, ఖమ్మం

సలహా: అక్కర్లేదమ్మా. జ్వరం తగ్గిందన్నారు చూడండి, మందు పనిచేస్తోందనడానికి అదే మంచి గుర్తు. డాక్టర్ చెప్పినన్ని రోజులూ సిరప్ పట్టండి, మధ్యలో ఆపేయకండి.

మీ అత్తగారి అనుమానంలో తప్పేం లేదు. గాలి ఉన్నచోట అల్ట్రాసౌండ్ పనికిరాదనే మేమూ చదువుకున్నాం. మామూలు ఊపిరితిత్తి నిండా గాలే కాబట్టి తెర మీద అడ్డగీతలు తప్ప ఏమీ కనిపించవు. నెమ్ము చేరినచోట గాలి పోయి ద్రవం నిండుతుంది. అప్పుడా భాగం అచ్చం కాలేయంలా కనిపిస్తుంది. లోపలి గొట్టాల్లో మిగిలిన గాలి తెల్లటి చుక్కల్లా మెరుస్తూ, పిల్లాడు ఊపిరి పీల్చినప్పుడల్లా కదులుతుంది. ఊపిరితిత్తి చుట్టూ కాస్త నీరు చేరినా ఇట్టే తెలుస్తుంది. పిల్లల ఛాతీ పలచన కాబట్టి పెద్దవాళ్లకన్నా బాగా కనిపిస్తుంది. తల్లి ఒళ్లో కూర్చోబెట్టే చేసేయొచ్చు, రేడియేషన్ ఉండదు. (ఒక్క ఎక్స్‌రేతో పడే రేడియేషన్ కూడా టెన్షన్ పడాల్సినంత కాదు లెండి.)

అన్నీ ఇందులో దొరుకుతాయనీ కాదు. ఊపిరితిత్తి అంచుదాకా రాని నెమ్ము, భుజం ఎముక వెనకున్నది కనపడవు. చేసేవాళ్ల అనుభవం మీద చాలా ఆధారపడుతుంది. సెంటీమీటరు కూడా లేని మచ్చలు వైరస్ దగ్గుల్లోనూ కనిపిస్తాయి. వాటిని చూసి యాంటీబయాటిక్ మొదలెట్టేస్తారేమోనన్నదే నా భయం. నిజానికి తేలికపాటి నెమ్ముకు ఎక్స్‌రే, స్కాన్ రెండూ లేకుండానే వైద్యం చేయొచ్చు.

మీరు చేయాల్సింది ఒకటుంది. బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఈ వయసులో 40 లేదా అంతకు మించితే వేగంగా తీస్తున్నట్టే, వెంటనే డాక్టర్‌కు చూపించండి. డొక్కలు ఎగరేసినా, పెదాలు నీలంగా మారినా, నీళ్లు తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరం మళ్లీ వస్తే మాత్రం ఎక్స్‌రేనో, ఇంకో స్కానో అవసరం కావచ్చు. బాబు తింటూ ఆడుకుంటుంటే ‘తగ్గిందో లేదో’ అని మళ్లీ స్కాన్ వద్దు. దగ్గు ఇంకో రెండు మూడు వారాలు ఉండొచ్చు.