పొలంలో ఊద, ప్యాకెట్లో ఊదలు: రెండూ ఒకటేనా?

ప్రశ్న: సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాల్లో వరి వేస్తున్నాను. రెండేళ్లుగా ఊద విపరీతంగా వస్తోంది. కలుపు మందు డబ్బా మీద ఎకినోక్లోవా క్రస్‌గల్లి, ఎకినోక్లోవా కోలోనమ్ అని రాసి ఉంది. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి తెచ్చిన ఊదల (చిరుధాన్యం) ప్యాకెట్ మీద ఎకినోక్లోవా ఫ్రుమెంటేసియా అని ఉంది. ముందు పేరు ఒకటే కదా సార్. మరి మడిలో ఊద కంకులు కోసి ఊదలుగా అమ్ముకోవచ్చా? వచ్చే వానాకాలం చెలకలో ఒక ఎకరం ఊదలు కూడా వేద్దామనుకుంటున్నాను.
— ఒక రైతు, మిర్యాలగూడ ప్రాంతం

జవాబు: మడిలో ఊద కంకులు కోసి అమ్మకండి. చెలకలో ఊదలు మాత్రం ధైర్యంగా వేసుకోండి, అదీ రకం పేరు తెలిసిన విత్తనంతోనే. డబ్బా మీద చిన్నక్షరాలు చదివి, ప్యాకెట్‌తో పోల్చి చూశారు. నాకు చాలా సంతోషమనిపించింది. ఎక్కువమంది మోతాదు చూసి డబ్బా పక్కన పెట్టేస్తారు.

మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత వచ్చినట్టే ఈ మొక్కలకూ వస్తుంది. ఎకినోక్లోవా అన్నది ఇంటిపేరు. ఒంటినిండా ముళ్లుండే జంతువును గ్రీకులో ఎకినోస్ అంటారు. కంకి గరుగ్గా, ముళ్లుముళ్లుగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఊదను పానికమ్ ప్రజాతిలో, అంటే మన వరిగల ఇంట్లో చేర్చాడు. 1812లో పాలిసో ద బోవా అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని వేరు చేసి ఎకినోక్లోవా అనే కొత్త ఇల్లు కట్టాడు. ఆ ఇంట్లో కలుపు మొక్కలూ ఉన్నాయి, అన్నం పెట్టే పంటలూ ఉన్నాయి. ఏది ఏదో చెప్పేది రెండో పేరే. క్రస్‌గల్లి అంటే లాటిన్‌లో కోడికాలు. ఫ్రుమెంటేసియా అంటే ధాన్యానికి చెందినది. కోలోనా అన్న మాట సేద్యగాడు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మీ డబ్బా మీద కోలోనమ్ అని ఉంది, కొత్త పుస్తకాల్లో కోలోనా అని కనిపిస్తుంది. కంగారు పడొద్దు, మొక్క ఒకటే. లాటిన్ వ్యాకరణానికి తగ్గట్టు చివరి అక్షరం మార్చారు, అంతే.

ఈ ఇంట్లో ఎవరు ఎవరికి దగ్గర అన్నది చూపు ఒక్కటే నమ్ముకుంటే తేలదు. కంకులు చూసి జపాన్‌లో పండించే ఊదను, మనం పండించే ఊదలను ఒకే మొక్క కింద లెక్కేసినవారూ ఉన్నారు. క్రోమోజోములు లెక్కపెట్టినా రెండింటికీ 54 చొప్పునే వస్తాయి. 1960లలో యబునో అనే జపాన్ శాస్త్రవేత్త వీటిని ఒకదానితో ఒకటి సంకరం చేసి చూశాడు. మన ఊదలు, కోలోనా కలిస్తే పుట్టిన మొక్కలు చక్కగా గింజ కట్టాయి. జపాన్ ఊద, క్రస్‌గల్లి కలిసినా అంతే. మన ఊదలను జపాన్ ఊదతో కలిపితే మాత్రం వచ్చినవి గొడ్డు మొక్కలు. అంటే మన దేశంలో రైతులు కోలోనాను మచ్చిక చేసుకుని ఊదలుగా మలిచారు, జపాన్ వైపు రైతులు క్రస్‌గల్లిని మలిచారు. రెండు దేశాల్లో, రెండు వేర్వేరు కలుపు మొక్కల నుంచి, చూడ్డానికి ఒకేలా ఉండే రెండు పంటలు! అందుకే జపాన్ ఊదకు ఇప్పుడు ఎస్క్యులెంటా అని వేరే పేరుంది. నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని విషయం ఇది.

మీ మడిలో ఏది ఉందో మీరే తేల్చుకోవచ్చు. ముందు వరి దుబ్బు పక్కన అనుమానంగా ఉన్న మొక్కను పీకి, ఆకు కాండాన్ని అంటుకునే చోట మెల్లగా వెనక్కి వంచండి. వరికి అక్కడ తెల్లటి పల్చని నాలుక లేచి ఉంటుంది, పక్కన చిన్న చెవులు, వాటికి నూగు ఉంటాయి. మీ మడిలో వచ్చే ఈ రెండు ఊదలకూ అక్కడ ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. నాటిన పదిహేను రోజులకు కూడా ఈ గుర్తు పనికొస్తుంది. కూలీలకు ఒకసారి చేత్తో పట్టించి చూపించండి, వరి బదులు ఊదను వదిలేసే పొరపాటు తగ్గుతుంది. ఇక కంకి వచ్చాక, గింజలకు ముళ్లు లేకుండా, పొట్టి కొమ్మల మీద వరుసలు కట్టి ఉంటే కోలోనా. మొక్క మొదలు తరచుగా ఊదారంగులో ఉంటుంది. కంకి పెద్దదై, కొమ్మలు పొడుగ్గా ఉండి, చాలావాటికి గింజ చివర మీసం ఉంటే క్రస్‌గల్లి.

అమ్మొద్దని ఎందుకన్నానంటే, పండిన కంకిని అరచేతిలో పెట్టి ఒక్కసారి తట్టి చూడండి. పైగింజలు గలగలా రాలతాయి, కింద ఇంకా పచ్చిగానే ఉంటాయి. కలుపు బతికేదే అలా రాలి. పంటగా మారిన ఊదలు రాలవు, కంకంతా ఇంచుమించు ఒకేసారి పండుతుంది. ఊద గింజ విషమేమీ కాదు, కరువు రోజుల్లో కోలోనా గింజలు ఏరుకుని తిన్నవాళ్లున్నారు. కానీ మందు కొట్టిన మడిలో గింజను మీరు ఇంకొకరి కంచంలో పెట్టకూడదు. పైగా గింజ ముదిరేదాకా ఆగితే రాలిన విత్తనం మళ్లీ మీ మడికే చేరుతుంది. ఈ రెండేళ్ల బెడద అలా పెరిగిందే అయ్యుంటుంది. పూతకు ముందే పీకేయండి. మందు పడనిదైతే పశువులకు మంచి మేత. యూరియా ఎక్కువ వేసిన మడిలోది మాత్రం నైట్రేట్ ఉండొచ్చు కాబట్టి ఎండుగడ్డితో కలిపి కొంచెం కొంచెంగా వేయండి.

మందు విషయానికొస్తే, ఊద రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు, నీరు తీసేసి, బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం మందు ఎకరాకు 100 మి.లీ. పిచికారీ చేయండి. క్రస్‌గల్లికీ కోలోనాకూ ఇదే మోతాదు. ఏటా ఇదొక్కటే కొడితే తట్టుకునే మొక్కలు మిగిలి వాటి సంతతే పెరుగుతుంది, కాబట్టి మందు మారుస్తూ ఉండండి.

చెలకలో ఊదలకు ఎకరాకు 3–4 కిలోల విత్తనం చాలు. వీఎల్ 172, కో 2 లాంటి పేరున్న రకం తెచ్చుకోండి. వరిలో ఊద మీద కొట్టే మందులు ఇక్కడ అసలు వాడొద్దు. ఇంటిపేరు ఒకటే కాబట్టి కలుపుతో పాటు పంటా పోతుంది. వరుసల్లో విత్తి, గుంటక తోలి, మిగిలింది చేత్తో తీయించండి. కంకి దశలో ముందుగా పండి గింజ రాల్చే మొక్కలు కనిపిస్తే అవి కోలోనా కావచ్చు. యబునో చూపినట్టు అది మీ ఊదలతో సులువుగా కలుస్తుంది. విత్తనానికి దాచుకునే జాగాలో అలాంటి మొక్క ఒక్కటి కూడా మిగలకుండా కేళీలు (పంటలో కలిసిన వేరే మొక్కలు) తీయించండి.

గుర్తు పట్టడంలో ఇంకా అనుమానముంటే వేరుతో, కంకితో సహా మొక్క పీకి, న్యూస్‌పేపర్ మడతల్లో ఆరబెట్టి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. కంకి లేకుండా ఆకులు మాత్రమే తెస్తే ఊద అని చెప్పగలం, ఏ ఊదో చెప్పడం కష్టం.