పాడుబడిన స్టేషనా, మూసేసిన స్టేషనా?

సందేహం: ఇంగ్లండు పల్లెల్లో ఇప్పుడు రైళ్ళు నడవని ఒక బ్రాంచి లైను స్టేషన్ గురించి తెలుగులో రాస్తున్నానండీ. ‘పాడుబడిన స్టేషన్’ అన్నాను, మా ఫ్రెండేమో ‘మూతపడిన’ అనాలంటున్నారు. ఏది కరెక్టు?

సమాధానం: రెండూ మంచి తెలుగేనండీ, కాకపోతే రెండిటి అర్థం ఒకటి కాదు. పాడుబడడం అంటే పట్టించుకునే దిక్కు లేక గోడలు బీటలిచ్చి మొక్కలు మొలిచిపోవడం, పాడుబడ్డ గుడి, పాడుబడ్డ బావి అంటాం చూడండి, అదీ. రైళ్ళు ఆగిపోయాక ఎవరో ఆ బిల్డింగు కొనుక్కుని ఇల్లు చేసుకుని శుభ్రంగా ఉంటున్నారనుకోండి (అక్కడ ఇలాంటివి చాలానే ఉన్నాయి), అది మూతపడిందే గానీ పాడుబడలేదు.

అయితే చరిత్ర రాసేటప్పుడు నాకు ‘మూతపడింది’ కూడా పూర్తిగా నచ్చదు. ఆ ‘పడు’ వచ్చి చేరగానే చేసినవాళ్ళు కనబడకుండా పోతారు, గాలికి తలుపు పడినట్టు ఉంటుంది. జరిగింది అది కాదు కదా, కార్లూ లారీలూ పెరిగి రైల్వేకి నష్టాలొస్తున్నాయని 1963లో అక్కడి రైల్వే బోర్డు ఛైర్మన్ బీచింగ్ ఇచ్చిన రిపోర్టు ఏకంగా 2,363 స్టేషన్లు మూసేయాలంది, కొన్ని బతికిపోయాయి గానీ చాలావరకు పోయాయి. అది మనుషులు తీసుకున్న నిర్ణయం, అందుకని ‘మూసేశారు’ అనండి, అప్పుడు ఎవరు, ఎందుకు అన్న ప్రశ్న చదివేవాళ్ళకి దానంతటదే వస్తుంది.

మనకి ‘ఎత్తేశారు’ అని ఇంకో చక్కటి మాట కూడా ఉంది, మా ఊరి బస్సు ఎత్తేశారు అంటాం కదా. లైనుకీ అది బాగా నప్పుతుంది, కానీ బిల్డింగు దగ్గర జాగ్రత్త. ఆక్స్‌మిన్‌స్టర్ నుంచి లైమ్ రీజిస్‌కి 1903లో వేసిన బ్రాంచి లైనుని 1965లో ఎత్తేశారు, ఆ తర్వాత లైమ్ రీజిస్ స్టేషన్ బిల్డింగుని నిజంగానే విప్పి తీసుకెళ్ళి ఆల్రెస్‌ఫర్డ్‌లో, పాత స్టీమ్ ఇంజన్లు నడిపే లైను మీద మళ్ళీ నిలబెట్టారు! ఇలాంటి చోట ‘స్టేషన్ ఎత్తేశారు’ అని ఊరుకుంటే ఏ సంగతి చెబుతున్నారో తెలీదు, ‘లైను ఎత్తేశారు, బిల్డింగు విప్పి పట్టుకెళ్ళారు’ అని విడదీసి రాయాలి.

ఇంకొకటి, చాలాచోట్ల ముందు ప్యాసింజర్లు ఆపేసి, కొన్నేళ్ళు గూడ్సు మాత్రం నడిపి, ఆ తర్వాతెప్పుడో పట్టాలు పీకేశారు. మీ స్టేషన్‌కీ అలా మూడు తేదీలుంటే మూడిటికీ ‘మూతపడింది’ అని రాసేయకండి, ఆపేశారు, మూసేశారు, పీకేశారు అని దేని మాట దానికి వాడండి.