గ్రైండర్ మా ఇంట్లో దించి వెళ్ళు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసి, "నీ మేనకోడలు కారు వెనక ఇల్లు కట్టుకుని ఎడారిలోకి పోతోందట, నీకు తెలుసా?" అని నన్ను నిలదీసింది. ఇదే అడిలైడ్‌లో ఉన్న నాకంటే ముందు ఒంగోలుకి తెలిసిందని కోపమొచ్చింది. ఆలిస్ స్ప్రింగ్స్ దాకా 1,500 కిలోమీటర్లు నువ్వే నడుపుతావని విన్నాక మాత్రం మీ అత్తయ్యకి రెండుసార్లు గొప్పగా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

టైర్లు, కారవాన్‌ని, అంటే ఆ చక్రాల ఇంటిని, కారుకి పట్టి ఉంచే గొలుసులు, లైట్లు రోజూ పొద్దున్నే చూసుకో. దారిలో పింబా ఊళ్ళోనే ట్యాంకు నింపేయ్. తర్వాతి ఊరు గ్లెండాంబోలో పెట్రోలు దొరుకుతుందని నమ్ముకోకు, అది దాటితే కూబర్ పీడీ ఊరి దాకా 250 కిలోమీటర్లు బంకు ఉండదు. ఎదురుగాలి కొడితే కారు మంచినీళ్ళలా తాగేస్తుంది. పాటల రేడియో కాదు, బండ్ల వాళ్ళు మాట్లాడుకునే UHF రేడియో 40వ ఛానల్లో పెట్టుకో, లారీల వాళ్ళు మాట్లాడుకునేది అందులోనే.

మొదటి రోజే కూబర్ పీడీ చేరాలని ఎవరు చెప్పారే? కారవాన్‌తో 850 కిలోమీటర్లా! జులైలో ఆరింటికల్లా చీకటి పడుతుంది. కంగారూలు రోడ్డెక్కేది సరిగ్గా అప్పుడే. నాలుగున్నరకి ఎక్కడుంటే అక్కడ ఆగు.

ఇక అసలు సంగతి. 2009లో మేమూ ఇదే దారిలో వెళ్ళాం. ఇరవై కిలోల సోనామసూరి బస్తా, గ్రైండర్, రెండు పెద్ద నీళ్ళ క్యాన్లు, అన్నీ కారవాన్ వెనక మూలకి తోసేశాను. తలుపు తీయగానే చేతికందుతాయని. గ్లెండాంబో దాటి గంటైనా కాలేదు, ఎదురుగా రోడ్ ట్రైన్ వచ్చింది. యాభై మీటర్ల లారీ. దాని గాలి ముందు మమ్మల్ని తోసి, తర్వాత లాగింది. ఎడమ అద్దంలో కారవాన్ కనిపించింది, మరుక్షణం కుడి అద్దంలో. నేను భయపడి బ్రేకు తొక్కాను. చేయకూడనిదే చేశాను. వెనకది కారునే తిప్పేసి, రోడ్డు దిగి, ఎర్రమట్టిలో ఒరిగి ఆగింది.

మీ అత్తయ్య ఏడవలేదు, నన్ను తిట్టలేదు. దిగి, మట్టిలో ఒలికిన బియ్యం ఎత్తుతూ కూర్చుంది. అరగంట సేపు గింజ గింజా. ఆ వీపు చూస్తూ నిలబడ్డాను చూడూ, అది చాలు నాకు ఈ జన్మకి.

సాయానికి ఆగిన లారీ డ్రైవరు కారవాన్ లోపలికి తొంగిచూసి, "బరువంతా తోకలో పెట్టావు" అన్నాడు. మా నాన్న బండికి ఎద్దుల్ని కట్టే ముందు కాడి ఎత్తి చూసేవాడు. చేతికి బరువు తగలాలి. తేలిగ్గా లేచిందంటే వెనక మొగ్గు అని గడ్డి దింపించేవాడు. వందసార్లు చూశాను. ఇంజనీరునయ్యాక మర్చిపోయాను.

అందుకని బరువైనవి చక్రాల మీదుగా, కింద పెట్టు. రెండు టన్నుల కారవాన్ అయితే కారుకి తగిలించే కొక్కెం మీద 200 కిలోలు దిగాలి. అయినా ఊగిందనుకో, కారు బ్రేకు జోలికి పోకు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి, డాష్‌బోర్డు మీద కారవాన్ బ్రేకు మీట ఉంటుంది, అది చేత్తో నొక్కు. ఖాళీ స్థలంలో నాలుగుసార్లు ఆ మీట నొక్కి చూసుకో. చెయ్యి దానంతటదే అక్కడికి పోవాలి.

ఎక్కడైనా బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. తలా రోజుకి పది లీటర్ల నీళ్ళు లెక్కేసుకో. చిన్నోడికి స్వెట్టర్లు ఎక్కువ పెట్టు, ఆలిస్‌లో కొన్ని రాత్రిళ్ళు నీళ్ళు గడ్డకడతాయి.

శనివారం కారవాన్ సర్దేసి మా ఇంటికి తీసుకురా. కొక్కెం బరువు చూసే కాటా నా దగ్గరుంది. గ్రైండర్ మాత్రం ఇక్కడే దించాలి, అందులో బేరాల్లేవు. ఇడ్లీ పిండి మీ అత్తయ్య రుబ్బి డబ్బాల్లో ఇస్తుందట. ఇందాకే పప్పు నానబెట్టడానికి ఏ రోజు అని అడిగింది.

మీ మామయ్య