ఆదివారం వస్తే ఎవరితో మాట్లాడాలి?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 23 ఏళ్లు. డిగ్రీ అయ్యాక జర్మన్ భాషలో మొదటి మెట్టు పరీక్ష ఏ1 పాసై, ఓ పెయిర్ వీసా మీద జర్మనీ వచ్చాను. అంటే ఒక కుటుంబంతో వాళ్ల ఇంట్లోనే ఉంటూ పిల్లల్ని చూసుకుంటాం, మిగతా టైములో భాష నేర్చుకుంటాం. స్టుట్‌గార్ట్ దగ్గర చిన్న ఊరు. ఇంటివాళ్లు మంచివాళ్లే, పిల్లలు నన్ను వదలరు, ఆ విషయంలో ఏ గొడవా లేదు. కానీ పని అయిపోయి గదిలోకి వెళ్తే మాట్లాడటానికి ఒక్క మనిషి లేదు. జర్మన్ క్లాసు అవగానే అందరూ బ్యాగులు తగిలించుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. పక్కింటావిడ రోజూ నవ్వుతూ హలో అంటుంది, అంతకుమించి ఒక్క మాట ఉండదు. ఆదివారం కొట్లు కూడా మూసేస్తారు, ఊరంతా కర్ఫ్యూ పెట్టినట్టు ఉంటుంది. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఉన్నాను గానీ, అందరూ ఎమ్మెస్ చదివేవాళ్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఏం చేస్తున్నావని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఇంతవరకూ ఒక్క మెసేజ్ పెట్టలేదు. రాత్రిళ్లు గుంటూరు ఫ్రెండ్స్‌తో వీడియో కాల్స్‌లోనే గడిచిపోతున్నాయి. అమ్మకి చెబితే వచ్చెయ్ అంటుంది. కాలేజీలో త్రోబాల్ టీములో ఉన్నదాన్ని, నా చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉండేవాళ్లు. ఇక్కడ ఫ్రెండ్స్‌ని ఎలా చేసుకోవాలి?
– ఎస్., జర్మనీ

జవాబు: ముందు ఆ వాట్సాప్ గ్రూపు సంగతి తేల్చేద్దాం, నీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది అదొక్కటే, నీ మీద కాదులే. పిల్లల్ని చూసుకునే పని అంటే మనవైపు ‘ఆయానా’ అని ఒక చూపు చూస్తారు, ఆ చూపు అక్కడ కూడా ఎదురవుతుందని నువ్వే ముందుగా ఊహించుకుని నోరు కట్టేసుకున్నావు. ఓ పెయిర్ అనేది 27 ఏళ్లలోపు వాళ్లకి, మహా అయితే ఒక్క సంవత్సరానికి ఇచ్చే వీసా, కొలంబియా నుంచీ జార్జియా నుంచీ ఇండోనేషియా నుంచీ నీలాంటి పిల్లలు దానిమీద వస్తూనే ఉంటారు, ఇందులో తలదించుకోవాల్సింది ఏముందమ్మా? ‘మాది గుంటూరు, ఇక్కడ ఓ పెయిర్‌గా ఉన్నాను, ఈ శనివారం స్టుట్‌గార్ట్ వస్తున్నా, ఎవరైనా ఖాళీయేనా’ అని పెట్టెయ్. ఎమ్మెస్ చదివేవాళ్లలో సగంమంది కూడా ఆ టైముకి గదిలో ఒక్కళ్లే మ్యాగీ చేసుకు తింటుంటారు. ఎవరైనా తేడాగా మాట్లాడితే మంచిదే, వాళ్లతో టైము వేస్టు కాకుండా బయటపడ్డావు.

ఇక నీకు ఖాళీ టైము నిజంగా దొరుకుతోందా లేదా అన్నది చూసుకో. రూలు ప్రకారం నీ పని వారానికి 30 గంటలు, రోజుకి 6 గంటలు మించకూడదు. వారంలో ఒకటిన్నర రోజు సెలవు, కనీసం నాలుగు సాయంత్రాలు నీవి. మంచివాళ్లే కదా అని మొహమాటానికి పోయి, సెలవు రోజు కూడా బాబుకి అన్నం పెడుతూ కూర్చుంటే స్నేహాలకి టైము ఎక్కడిది? మంచివాళ్లయితే అడిగితే ఒప్పుకుంటారు. అన్నట్టు వాళ్లు ఎంత బాగా చూసుకున్నా నీకు పని ఇచ్చినవాళ్లే, వాళ్లనే ఫ్రెండ్స్ అనుకుంటే వాళ్లతో చిన్న మాట తేడా వచ్చిన రోజున చెప్పుకోడానికి ఎవరూ మిగలరు.

వీడియో కాల్స్ మానెయ్యమని చెప్పను. కానీ చలికాలంలో అక్కడ రాత్రి 8 అంటే మనకి 12:30. నీకోసం గుంటూరులో వాళ్లు నిద్ర మానుకుంటున్నారు, వాళ్లకోసం నువ్వు నీ సాయంత్రాలు మానుకుంటున్నావు. ఆదివారం మధ్యాహ్నానికి మార్చుకోండి, ఇద్దరికీ సుఖం.

జర్మన్లు కలవరు కలవరు అని అందరూ అంటారు గానీ, వాళ్ల పద్ధతి వేరు. మా పటమటలో పక్కింటికి కరివేపాకు కోసం వెళ్తే గంటకి గానీ తిరిగి రాం. అక్కడ చెప్పకుండా తలుపు తడితే కంగారుపడతారు, అదే ‘వచ్చే గురువారం 4 గంటలకి టీకి రాగలరా’ అని అడిగావనుకో, మీ పక్కింటావిడ డైరీ తీసి చూసుకుని ‘ఈ గురువారం కాదు, పై గురువారం’ అంటుంది. అది తప్పించుకోవడం కాదు, నిజంగానే రాసుకుంటుంది, నిజంగానే 4 గంటలకి వస్తుంది. పిలిచింది నువ్వు కాబట్టి టీ, బిస్కెట్లు నువ్వే పెట్టాలి, వంటింట్లో కూర్చోబెడతానని ఇంటివాళ్లకి ముందే ఒక మాట చెప్పు.

క్లాసులో కూడా అంతే, అందరూ ఎవరో ఒకరు అడుగుతారని చూస్తుంటారు. బ్యాగు జిప్పు వేసే ఆ రెండు నిమిషాల్లోనే పక్కమ్మాయిని అడగాలి, ‘స్టేషన్ దాకా కలిసి నడుద్దామా’ అని. కాఫీ షాపు అనకు, నీకు నెలకి వచ్చే పాకెట్ మనీ 280 యూరోలు, రెండుసార్లు కేకుతో కాఫీ తాగితే చెయ్యి కాలుతుంది. నడవడానికి డబ్బులక్కర్లేదు, పైగా నడుస్తూ మాట్లాడితే ఏ1 జర్మన్‌లో మాటలు వెతుక్కున్నా ఇబ్బందిగా ఉండదు. పులిహోర కలిపి తీసుకెళ్తే ఇంకా మంచిది, కాకపోతే మన గుంటూరు కారాన్ని గుర్తుపెట్టుకుని మిరపకాయలు సగానికి సగం తగ్గించు, పల్లీలు వేశావని ముందే చెప్పు, అలర్జీ ఉన్నవాళ్లు ఉంటారు.

అసలు మందు మాత్రం నీ ఉత్తరం చివర్లో నువ్వే రాశావు, త్రోబాల్. జర్మనీలో చిన్న చిన్న ఊళ్లలో కూడా ఫెరైన్ అని క్లబ్బులు ఉంటాయి, ఆటలకి, పాటకి, చివరికి కుందేళ్లు పెంచేవాళ్లకి కూడా ఉంటాయి. త్రోబాల్ దొరక్కపోవచ్చు, వాలీబాల్ దొరుకుతుంది, నీ చేతులకి అదెంతసేపు? మొదటి ఒకటి రెండు సార్లు ఊరికే వచ్చి ఆడి చూడమంటారు. బంతి ఆడేటప్పుడు వ్యాకరణం ఎవరూ అడగరు. మొదటి వారం నీ పేరు పలకలేరు, రెండో వారం కూడా నువ్వే పలకరించాలి, మూడో వారానికి ‘పోయినసారి రాలేదేం’ అని వాళ్లే అడుగుతారు. ఒకే చోట, ఒకే రోజు, అవే ముఖాలు, అదొక్కటీ నీకు ఇప్పుడు లేదు. వారానికో కొత్త మీటప్‌కి వెళ్తే వందమంది పరిచయం అవుతారు, జ్వరమొస్తే ఫోన్ చెయ్యడానికి ఒక్కరు ఉండరు.

అమ్మకి రోజూ ఏడుపు మొహం చూపించకు, అలాగని అంతా బాగుందని అబద్ధం చెప్పకు, ‘మంగళవారం వాలీబాల్‌కి వెళ్తున్నా’ అని చెప్పు, ఆవిడకి అదే ధైర్యం. షూస్ మాత్రం ఇంటి నుంచి పార్శిల్ తెప్పించుకోకు. రోడ్డు మీద వేసుకున్నవాటితో అక్కడి ఇండోర్ హాల్లోకి రానివ్వరు, నేలమీద నల్ల గీతలు పడని సోల్ ఉండాలి, ఆడి చూసే రోజున ఏవి కొనాలో వాళ్లనే అడుగు.