మంట ఆర్పిన కుర్రాళ్లు, పేపర్లో పడ్డ వార్త

ప్రశ్న: అన్నా, మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఒక ఊరు. పేరు వేయకండి. నాలుగేళ్ల కింద మా ఊళ్లో ఒక ఇల్లు కాలింది, ఫైరింజన్ వచ్చేసరికి మొండిగోడలు మిగిలాయి. అప్పుడు మేం పద్నాలుగు మందిమి కలిసి ఇంటింటికీ చందా అడిగి ఒక పాత ట్రాక్టర్ ట్యాంకర్, మోటారు, పైపు కొన్నాం. జీతం లేదు, ఎవరి పొలం పని వాళ్లకుంది, ఫోన్ వస్తే వదిలేసి పరిగెత్తుతాం. మొన్న ఒక రైతు గడ్డివాముకి నిప్పంటుకుంటే వెళ్లి ఆర్పి వచ్చాం. రాత్రి రెండింటికి అదే వాము మళ్లీ అంటుకుంది, పక్కవాళ్ల పశువుల కొట్టం కాలి రెండు దూడలు చచ్చిపోయాయి. రెండు రోజులకి ఒక మరాఠీ పేపర్లో వార్త వేశారు. ఆలస్యంగా వచ్చారట, సగం ఆర్పి మధ్యలో వెళ్లిపోయారట, మంట దగ్గర వీడియోలు తీసుకున్నారట, చందాల లెక్క ఎవరికీ తెలియదట. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. ఒక తెలుగు యూట్యూబ్ చానెల్ వాళ్లు అదే వార్త ఇంకాస్త కారం కలిపి చదివారు. ఇప్పుడు మాలో సగం మంది మానేద్దాం అంటున్నారు, సగం మంది పేపర్ మీద కేసు వేద్దాం అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ఆ దూడలు పోయిన ఇంటికి వెళ్లారా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, వార్త గురించి, చానెల్ గురించి, కేసు గురించి ఉంది గానీ ఆ మాట ఎక్కడా కనపడలేదు. వెళ్లకపోతే మిగతాది తర్వాత చదువుదురు గానీ ఈరోజే వెళ్లండి. పద్నాలుగు మందీ వద్దు, అంతమంది వెళ్తే పంచాయితీకి వచ్చినట్టు ఉంటుంది, ముగ్గురు చాలు. తలాఠీ, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగి, పంచనామా రాశాడో లేదో కనుక్కోండి, రాయకపోతే ఆయన్ని వెంటబెట్టుకొచ్చే పని మీరు తీసుకోండి, ఎందుకంటే ఆ కాగితం లేకుండా నష్టపరిహారం అడగడానికి వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

ఇక వార్త. అందులో ఒక్క మాట మాత్రం నిజం, మీకూ తెలుసు. వాము పూర్తిగా ఆరలేదు. గడ్డివాము పేర్చేదే వాన నీళ్లు లోపలికి దిగకుండా కదా, మరి మీ పైపు నీళ్లు మాత్రం ఎలా దిగుతాయి? పైనుంచి కొడితే జారి పక్కకి పోతాయి. మంట ఆగుతుంది, ఆవిరి లేస్తుంది, చుట్టూ ఉన్నవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. లోపల గడ్డి నొక్కుకుని ఉంటుంది, గాలి కొంచెమే అందుతుంది కాబట్టి మంటగా లేవదు గానీ కుంపట్లో పిడకలా గంటల తరబడి రగులుతూనే ఉంటుంది, అర్ధరాత్రి గాలి తిరిగిందంటే చాలు. పత్తి కుప్పదీ ఇదే గుణం. అందుకే వాముని ఆర్పడమంటే విప్పడం. పంగలకర్రలతో, కొక్కేలతో లాగి నేల మీద పలచగా పరిచి, పరిచినదాన్ని తడపాలి, చెయ్యి పెడితే వెచ్చగా తగలకూడదు. అప్పుడు కూడా ఇద్దరు బిందెలతో, ఒక టార్చితో తెల్లారేదాకా అక్కడే కాపలా ఉండాలి. రైతు "నా గడ్డి మొత్తం పాడవుతుంది, విప్పొద్దు" అంటాడు, చాలాసార్లు గొడవ అక్కడే వస్తుంది. మీ దగ్గర కూడా అదే జరిగిందేమో నాకు తెలీదు. జరిగి ఉన్నా ఆ మాట ఇప్పుడు జవాబులో రాయకండి, పోగొట్టుకున్నవాళ్ల మీదకి నెట్టినట్టు ఉంటుంది.

కాబట్టి మీ జవాబులో మొదటి వాక్యం ఇదే అవ్వాలి: "వాము విప్పకుండా వచ్చేశాం, రాత్రి కాపలా పెట్టలేదు, అది మా తప్పు, ఇకమీదట ప్రతి వాము దగ్గరా తెల్లారేదాకా ఇద్దరుంటారు." ఇది మీరే ముందు చెబితే తర్వాత చెప్పే మూడు మాటలూ జనం వింటారు. దీన్ని దాటేసి "మేం జీతం లేకుండా చేస్తున్నాం" అని మొదలుపెట్టారా, అయిపోయింది. జీతం లేదన్న సంగతి ఊరికి తెలుసు. చిలీ దేశంలో 1851లో వల్పరైసో ఊళ్లో మొదలై ఇప్పటిదాకా దేశమంతా మంటలార్పేది జీతం లేని వాలంటీర్లే, వాళ్లకి యూనిఫాం ఉంది, ట్రైనింగ్ ఉంది, పద్ధతి ఉంది. జీతం లేకపోతే పద్ధతి అక్కర్లేదని ఎక్కడా లేదు తమ్ముడూ. నొప్పించాలని కాదు, మీరు ఈ పని మానకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆలస్యం సంగతి. ఫోన్ ఎన్నింటికి వచ్చింది? ట్యాంకర్ ఎన్నింటికి కదిలింది? రాసి పెట్టుకోలేదు కదా. ఇల్లు కాలుతున్నవాళ్లకి పది నిమిషాలు గంటలా అనిపిస్తుంది, అది అబద్ధం కాదు, వాళ్లు అనుభవించింది అదే. విలేకరి వాళ్లని అడిగాడు, వాళ్లు చెప్పింది రాశాడు. మీ దగ్గర పుస్తకం ఉంటే మీ టైమూ రాసేవాడు. రేపే ఒక వంద పేజీల నోట్‌బుక్ కొని ట్రాక్టర్ సీటు కింద ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఎవరు ఫోన్ చేశారు, ఎన్నింటికి, ఎన్నింటికి బయల్దేరాం, ఎన్నింటికి చేరాం, నీళ్లకి ఎన్నిసార్లు వెళ్లాం, ఎన్నింటికి వదిలాం, కాపలా ఎవరు. కాల్ టైము ఫోన్లోనే ఉంటుంది, మిగతావి ఒకడు రాయాలి. 101కి గానీ 112కి గానీ ఎన్నింటికి చేశారో అదీ రాయండి. ఒడ్డున ఫోన్ అవతలి తెలంగాణ టవర్ పట్టుకునే ఊళ్లు మీకు తెలుసు, కాల్ అటు పోతే మళ్లీ ఎవరికి చేశారో కూడా ఉండాలి.

"మధ్యలో వెళ్లిపోయారు" అన్న ఆరోపణకి మాత్రం మీరు గట్టిగా జవాబు చెప్పొచ్చు. మీది ఐదువేల లీటర్ల ట్యాంకర్ అనుకుందాం, మోటారు నిమిషానికి నాలుగొందల లీటర్లు కొడుతుందనుకుందాం, పన్నెండున్నర నిమిషాల్లో ఖాళీ. తర్వాత నీళ్లకి వెళ్లాల్సిందే. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకి మంట ఇంకా ఉండగానే ట్యాంకర్ తిప్పుకుని పోతున్నట్టు కనపడుతుంది. ఈ లెక్క మీ ట్యాంకర్‌తో వేసి నాలుగు లైన్లలో రాయండి, చదివినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఇంకో పని కూడా చెయ్యండి, ట్యాంకర్ నీళ్లకి పోయినప్పుడు ముగ్గురు అక్కడే ఉండి వేపకొమ్మలతో నిప్పురవ్వలు కొడుతూ పక్క ఇళ్ల కప్పులు తడుపుతూ ఉంటే ఎవరూ వెళ్లిపోయారని అనరు.

వీడియోల గురించి నేను మీ వైపు లేను. పైపు పట్టుకోవాల్సిన చెయ్యి ఫోన్ పట్టుకుంటే చూసేవాళ్ల కడుపు మండుతుంది. పంచనామాకి ఫోటోలు పనికొస్తాయి, నిజమే, మంట ఆరాక ఒక్కడు తీసి తలాఠీకి ఇవ్వాలి, ఆ ఇంటివాళ్లు ఒప్పుకోకుండా ఏ గ్రూపులోనూ పెట్టకూడదు.

చందాల లెక్క మామూలు పని. ఎంత వచ్చింది, ట్యాంకర్‌కెంత, డీజిల్‌కెంత, చేతిలో ఎంత, గ్రామ పంచాయతీ గోడకి అంటించి వచ్చే గ్రామసభలో చదవండి. తేడా ఉంటే తేడాతోనే చదవండి.

విలేకరి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నేనూ ఒకప్పుడు చంద్రపూర్ వైపు పల్లె వార్తలు రాసినవాణ్ణే. ఒకసారి మిర్చి కళ్లం కాలితే పొద్దున్నే వెళ్లాను. రైతు ఏడుస్తున్నాడు, చుట్టూ వాళ్లు "ఎవరూ రాలేదు, వచ్చినవాళ్లు దూరంగా నిలబడ్డారు" అన్నారు, అదే రాశాను. వారం తర్వాత బస్టాండ్‌లో ఒక కుర్రాడు నన్ను ఆపి ఏమీ అనకుండా తన కళ్లు చూపించాడు, ఇంకా ఎర్రగా వాచి ఉన్నాయి. కాలే మిర్చి పొగలోకి తడిగుడ్డ కట్టుకుని రెండుసార్లు వెళ్లాడట, మూడోసారి కళ్లు తెరవలేక దూరంగా నిలబడ్డాడట. నేను రాసిన ప్రతి ముక్కా ఎవరో ఒకరు చెప్పిందే, అయినా ఆ వార్త తప్పు, ఎందుకంటే వాడిని అడగలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు. మీ విలేకరి కూడా మిమ్మల్ని అడగకుండా రాయడం తప్పే, ఆ మాట ఆయనకి మర్యాదగా, రాతలో చెప్పండి. దెబ్బలాటకి వెళ్లకండి, పదిమంది కలిసి ఆయన ఇంటి ముందు నిలబడకండి, ఫోన్ నంబర్ గ్రూపుల్లో తిప్పకండి. అలా చేస్తే రెండో వార్త మీరే ఇచ్చినట్టు.

ఉత్తరం ఎడిటర్ పేరున పంపండి, ఒక పేజీ దాటొద్దు. పేపర్ మరాఠీది కాబట్టి మరాఠీలో, చానెల్‌కి తెలుగులో. మన తాలూకాలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, అడవి ఊళ్లలో గోండి, ఒక్క భాషలో చెబితే సగం మందికే చేరుతుంది, కాబట్టి ఊళ్లో చదివేటప్పుడు మూడూ తెలిసినవాణ్ణి నిలబెట్టండి. ఎడిటర్ జవాబు వేయకపోతే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి ఫిర్యాదు పంపొచ్చు, ముందు ఎడిటర్‌కి రాశామని చూపించాలి, దినపత్రికైతే వార్త వచ్చిన రెండు నెలల్లోపు పంపాలి. వాళ్లు మందలించగలరు గానీ జరిమానా వేయలేరు, యూట్యూబ్ చానెళ్లు వాళ్ల పరిధిలోకి రావు. పరువునష్టం కేసు మాట మర్చిపోండి. వార్తలో సగం నిజం ఉండగా కోర్టుకెక్కితే వాయిదాలకి పోయే డబ్బుతో ఇంకో పైపు వస్తుంది.

మానేద్దాం అంటున్న ఏడుగురికి ఇది చదివి వినిపించండి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో పత్తి బేళ్లు అంటుకున్నాయి. అదే ఓడలో పేలుడు సామాను కూడా ఉంది. మధ్యాహ్నం నుంచి నీళ్లు కొడుతూనే ఉన్నారు, బేళ్ల లోపలి నిప్పు ఆరలేదు, సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలిపోయింది. 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14ని అగ్నిమాపక దినంగా జరిపేది వాళ్ల కోసమే. జీతం ఉన్నవాళ్లు, పనిముట్లు ఉన్నవాళ్లు, వాళ్ల చేతా ఆరలేదు లోపల రగిలే పత్తి. మీ గడ్డివాము మిమ్మల్ని ఓడించిందంటే మీరు పనికిరానివాళ్లని కాదు, నేర్చుకోవాల్సింది ఉందని. వచ్చే ఏప్రిల్ 14న ఊరి మధ్యలో ట్యాంకర్ నిలబెట్టి ఒక చిన్న గడ్డికుప్ప కాల్చి, విప్పి ఎలా ఆర్పాలో చూపించండి. ఆ విలేకరిని కూడా పిలవండి, మొదటి వరసలో కూర్చోబెట్టండి. దూడలు పోయిన ఇంటివాళ్లు వస్తారో రారో వాళ్ల ఇష్టం, పిలవడం మాత్రం మీరే స్వయంగా వెళ్లి పిలవాలి.

ప్రశ్న: అన్నయ్యా, చంద్రపూర్ జిల్లా రాజురా వైపు మా ఊరు. గత ఏడాది మా ఇంటి వెనక పత్తి కాలింది. ఆర్పడానికి వచ్చిన మా ఊరి పిల్లల పైపుకి మూడు చోట్ల కన్నాలున్నాయి, నీళ్లు మంట దాకా రాలేదు. పేపరాయన అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పట్నుంచి ఆ పిల్లల తల్లులు నాతో మాట్లాడరు, "ఈసారి కాలితే పేపర్నే పిలుచుకో" అన్నారు. నేను చెప్పడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా, కన్నాలు నువ్వు పెట్టలేదు. కానీ ఆ మాట పేపరాయన కన్నా ముందు ఆ పిల్లలకి చెప్పి ఉంటే వాళ్లకి ఇంత గుచ్చుకునేది కాదు, ఊళ్లో ఉండేది వాళ్లూ నువ్వే కదా. ఇప్పుడైనా ఒక దారి ఉంది. గ్రామసభలో నువ్వే లేచి "మన పిల్లలకి కొత్త పైపు కావాలి, పంచాయతీ కొనివ్వాలి" అని అడుగు. నష్టపోయిన ఇంటి మనిషి అడిగితే సర్పంచ్ తోసిపుచ్చలేడు. ఇక "కాలితే రాం" అన్న మాట, అది కోపంలో తల్లులన్నది, పిల్లలన్నది కాదు. పొగ లేస్తే వాళ్లే ముందొస్తారు, చూస్తూ ఉండు.

ప్రశ్న: అహేరి పక్క అడవి ఊరు మాది. ఇప్పపువ్వు కాలంలో చెట్టు కింద ఆకులు కాలుస్తారు, అది అడవికి అంటుకుంటే ఆర్పలేక చస్తున్నాం, మళ్లీ పేపర్లో మా గుంపుదే తప్పని రాస్తారు. ఏమైనా చెయ్యొచ్చా?

జవాబు: పువ్వు రాలితే కనపడాలని కాలుస్తారు, ఆకులు ఊడ్చినా కనపడుతుంది, చెట్టు కింద పాత చీర గానీ వల గానీ పరిస్తే ఏరే పనే తగ్గుతుంది. మార్చి మొదలవక ముందే ఏరే ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడండి, మగవాళ్లతో మాత్రమే మాట్లాడి లాభం లేదు, ఎక్కువగా ఏరేది ఆడవాళ్లే. తునికాకు కొత్త చిగురు కోసం నిప్పు పెట్టేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లెవరో ఊరికి తెలుసు, గ్రామసభలో పేరు పెట్టి అడగాల్సింది అక్కడే. ఊరి చుట్టూ రెండు మూడు మీటర్ల వెడల్పున ఆకులు ఊడ్చి గీత తీసిపెట్టుకోండి, ఏ రోజు తీశారో, ఎంతమంది వచ్చారో పైన చెప్పిన నోట్‌బుక్ లాంటిదాంట్లో రాసి, ఫారెస్ట్ గార్డు సంతకం పెట్టించుకోండి.